బరువు ఎత్తొద్దన్నారు

రెండో కాన్పు తర్వాత నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. తొంభైల చివర్లో మా కంబదూరు వైపు ఆడవాళ్ళందరికీ జరిగినట్టే నాకూ జరిగింది. క్యాంపులో వరసగా పడుకోబెట్టారు. బొడ్డు కింద చిన్న కోత, కుట్లు, ఆపైన జీపులో ఇంటికి. జీపు తలుపు వేస్తూ నర్సమ్మ చెప్పింది, "ఆర్నెల్లు బరువులు ఎత్తొద్దమ్మా" అని. ఆ మాట ఫలానా ఒకరితో చెప్పింది కాదు, జీపులో కుక్కి కూర్చోబెట్టిన మా అందరితోనూ చెప్పింది. మేమంతా తలలూపాం. మేం ఎత్తకపోతే మరి ఎవరు ఎత్తాలి అని మాలో ఒక్కరూ అడగలేదు.

మా ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం. అత్త, నా భర్త, నేను. మామ నా పెళ్ళికి ముందే పోయాడు. వానొస్తే పండే భూమి కొంత, ఒక జత ఎద్దులు, ఒక బర్రె. ఊళ్ళో బోర్లు ఎండిపోయి నీళ్ళ ట్యాంకరు వచ్చే కాలం అది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకు కూడా తెలిసేది కాదు. హారన్ వినిపిస్తే చేతిలో పని అక్కడే పడేసి కడవలతో పరుగెత్తడమే. నేను క్యాంపు నుంచి వచ్చిన వారంలోనే ఆ హారన్ మోగింది. అత్త చేలో ఉంది. భర్త కళ్యాణదుర్గంలో ఉన్నాడు. చంటిదాన్ని ఉయ్యాల్లో వేసి కడవలు తీసుకుని వెళ్ళాను.

నా భర్త గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. కానీ ఆయనకు రాజకీయం పట్టింది. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని మోటారు సైకిలెక్కితే ఊరందరి పనులూ ఆయనవే. ఒకరికి రేషన్ కార్డు, ఇంకొకరికి కరెంటు కనెక్షన్, మరొకరిని ఆసుపత్రిలో చేర్పించడం. "అన్నా" అని పిలిస్తే చాలు, తిండి కూడా మర్చిపోయి వెళ్ళేవాడు. ఇంట్లో మాత్రం ఆయనను అన్నా అని పిలిచేవాళ్ళు లేరు.

మరుసటి వేసవికి, పాప నడక నేర్చిన రోజుల్లో, ఆ గడ్డను మొదటిసారి చూశాను. నిండు కడవను నేల మీద నుంచి లేపి నడుము మీదకు తెచ్చుకుంటుంటే పాత కోత దగ్గర ఏదో చిరిగినట్టు చురుక్కుమంది. ఇంటికొచ్చి చీర సడలించి చూసుకుంటే బొడ్డు కింద నిమ్మకాయంత ఉబ్బు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. దగ్గితే మళ్ళీ వచ్చింది. పడుకుంటే పూర్తిగా మాయమైంది. భయం వేసి అత్తకు చూపించాను.

అత్త తీరిగ్గా నొక్కి చూసింది. "గాలమ్మే. పచ్చిబాలింతప్పుడు చల్లనీళ్ళు తాగినావు, గాలి పట్టింది. ఇంగువ వేసి కట్టు కడ్తా, పోతాది" అంది.

"ఎత్తినప్పుడే వస్తాంది అత్తా."

"మేమెత్తలేదా? మీ మామ ఉన్నప్పుడు బాయిలోంచి తోడి, రెండు కడవలు ఒకదాని మీద ఒకటి పెట్టుకోని వస్తాంటిమి. ఈ కాలం పిల్లోల్లకు ఒంట్లో బలం లేదు."

"మేమెత్తలేదా" అన్న ఆ మాట తర్వాత ఏళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. ఆమె కొట్టినట్టు మాట్లాడేది కాదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అనేది. అదే నాకు ఎక్కువ కాలేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

రాత్రి భర్తకు చెప్తే లాంతరు వెలుగులో ఒక చూపు చూసి, "లావైనావు, అంతే" అన్నాడు. ఆ కరువులో మేం సంగటి ముద్ద తిని లావయ్యామట. ఊరికి వచ్చే నర్సమ్మ గ్యాస్ అని తెల్ల మాత్రలు ఇచ్చింది. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు చీర మీద నుంచే చూసి, బలానికి అని సూది వేశాడు. వరిబీజమేమో అని నేను నోరు తెరిచి అడిగాను. మా ఊళ్ళో ఒకాయనకు ఉండేది, ఆయన పంచె కింద గట్టిగా లంగోటి బిగించుకుని నడిచేవాడు. డాక్టరు పగలబడి నవ్వాడు. "ఆడోళ్ళకు వరిబీజం యాడన్నా వస్తాదామ్మా?" అన్నాడు. అక్కడ సూదికోసం కూర్చున్న మగవాళ్ళూ నవ్వారు. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. నిమ్మకాయ బత్తాయి అయింది. నీళ్ళు మోసిన రోజు, మేత మోపు ఎత్తిన రోజు సాయంత్రానికి లాగుతున్నట్టు నొప్పి. పడుకుంటే తగ్గేది. పడుకోవడానికి పగలు ఎవరికి తీరింది? తుమ్ము వస్తే ముందు చెయ్యి పొట్ట మీదకు వెళ్ళడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది.

ఒక రోజు నా భర్త పక్కింటాయన్ని అనంతపురం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించి తీసుకొచ్చాడు. ఆయన ఎరువుల బస్తాలు దించే మనిషి. గజ్జల్లో ఉబ్బు వచ్చి చాలాకాలం దాచుకున్నాడట. సాయంత్రం మా అరుగు మీద నలుగురు చేరితే నా భర్త ఆ కథంతా చెప్తున్నాడు. నేను లోపలి నుంచి మజ్జిగ గ్లాసులు తెస్తూ గడప దగ్గర ఆగిపోయాను.

"ఎత్తినప్పుడు బయటికొస్తాది, పండుకుంటే లోపలికి పోతాదంట. దగ్గితే మళ్ళా వస్తాది. అదే గుర్తు. పెద్ద డాక్టరు నన్నే తిట్టినాడప్పా, ఇంత లేటుగా తెస్తారా అని. ఇట్లాంటివి దాచిపెట్టుకోకూడదు. పేగు ఇరుక్కుంటే మనిషే పోతాడంట."

అందరూ "అవునన్నా, అవునన్నా" అన్నారు. మజ్జిగ అందించాను. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి ఆయన్ని లోపలికి పిలిచాను.

"ఎత్తినప్పుడు వచ్చి పండుకుంటే పోయేది నాకు గూడా ఉండాది కదా. మూడేండ్ల నుంచి చెప్తాండా కదా."

"నీది వేరు మే."

"ఎట్ల వేరు?"

"ఆయనది గజ్జల్లో. నీది పొట్ట మీద. నీది గాలి అని అమ్మ చెప్పింది కదా" అని ఆయన చెప్పులు వేసుకున్నాడు. ఎవరో వీధిలోంచి "అన్నా" అని పిలిచారు.

ఆ వారమే నేను ఎవరికీ చెప్పకుండా కళ్యాణదుర్గం బస్సెక్కాను. పుట్టింటికి వెళ్ళొస్తానని పిల్లల్ని అత్తకు వదిలాను. అక్కడ ఒక లేడీ డాక్టరు ఉన్నారని విన్నాను. బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాక లోపలికి పిలిచారు. ఆమె నన్ను నిలబెట్టి దగ్గమన్నారు. పడుకోబెట్టి తల మాత్రం లేపమన్నారు. పాత కోత మీద అరచేయి ఆనించి మళ్ళీ దగ్గమన్నారు. అంతే. నాలుగు నిమిషాల పని కూడా కాదు.

"హెర్నియా అమ్మా ఇది. కుట్టిన చోట పొట్ట కండరం విచ్చుకుంది. ఆ సందులోంచి లోపలి పేగు తోసుకొస్తోంది. మందులతో తగ్గదు. సందు మూసుకునేలా లోపల మెష్ అనే వల పెట్టి కుట్టాలి."

"ఆడోళ్ళకు గూడా వస్తాదా మేడమ్?"

"ఎందుకు రాదు? నీలాంటి వాళ్ళు నాకు వారానికొకరు వస్తారు."

నాకు ఏడుపొచ్చింది. రోగం ఉందని తెలిసినందుకు కాదు, అది ఉందని ఒకరు ఒప్పుకున్నందుకు. ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చి, ఆపరేషన్ దాకా ఎలా ఉండాలో ఓపిగ్గా చెప్పారు. పొట్టకు పట్టీ కట్టుకో, పడుకుని ఉన్నప్పుడే కట్టుకో, ఉబ్బు లోపల ఉన్నప్పుడే బిగించు. దగ్గు ఎక్కువ కాకుండా చూసుకో, విరేచనానికి ముక్కవద్దు. బరువు ఎత్తక తప్పకపోతే నడుము వంచి లాగొద్దు, మోకాళ్ళు మడిచి కూర్చుని, వస్తువును ఒంటికి దగ్గరగా ఆనించుకుని కాళ్ళ బలంతో లే. ఊపిరి బిగబట్టొద్దు, వదులుతూ లే. ఎప్పుడైనా ఉబ్బు లోపలికి పోకుండా రాయిలా గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే ఒక్క గంట కూడా ఆలస్యం చేయొద్దు.

"అసలు ఎత్తకుండా ఉంటే ఇంకా మంచిది" అన్నారు చివర్లో.

"నీళ్ళు ఎట్ల మేడమ్?"

"సగం కడవ ఎత్తు."

ఆమె మంచావిడే. నా మీద జాలితోనే చెప్పారు. కానీ బస్సులో తిరిగొస్తుంటే ఆ మాట మీదే కోపం వచ్చింది. సగం కడవతో వెళ్తే రెండింతలు తిరగాలి. ట్యాంకరు ఆగదు కదా.

అయినా ప్రయత్నించాను. తర్వాత ట్యాంకరు వచ్చినప్పుడు పైపు కింద కడవ పెట్టి, సగం నిండగానే తీశాను. వెనక ఉన్న ఆమె కేకలేసింది. "ఏమక్కా, నువ్వు సగం సగం పట్టుకోని వందసార్లు వస్తాంటే మావి ఎప్పుడు నిండాల?" నేను మేడమ్ చెప్పినట్టు మోకాళ్ళు మడిచి కూర్చుని, కడవను పొట్టకు ఆనించుకుని, ఊపిరి వదులుతూ లేచాను. అందరూ నా వైపే చూశారు.

"అదేం ఎత్తడమక్కా, కోడి గుడ్డు పెట్టినట్ల."

"ఇట్ల ఎత్తితే కడుపు మీద భారం పడదంట. డాక్టరమ్మ చెప్పింది. ఊపిరి వదల్తా ఎత్తాల."

"ఊపిరి వదిల్తే కడవ గూడా వదిలేస్తాము!" అని ఒకామె అనేసరికి ట్యాంకరు చుట్టూ నవ్వులే. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఆ మాటన్న ఆమే మరుసటి వారం నుంచి నా కడవకు ఒక చెయ్యి వేసి నడుము మీదకు ఎక్కించేది. ఎక్కించి తన కడవ దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ ఏళ్ళన్నిటిలో నాకు దొరికిన సాయం అదొక్కటే.

పట్టీ సంగతి చెప్పాలంటే, మే నెలలో మా అనంతపురం ఎండలో పొట్ట చుట్టూ ఆ లావుపాటి పట్టీ కట్టుకుని చేలో కలుపు తీయడం ఎలా ఉంటుందో కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. చెమటకు చర్మం చెమటకాయలు పొక్కి మండిపోయేది. అత్త దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎద్దుకు కట్టే పట్టెడ మాదిరి ఉండాది" అంది.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించాక నా భర్త కాదనలేకపోయాడు. "సరే, చేయిద్దాం" అన్నాడు. ఆ "చేయిద్దాం" కింద ఎన్ని కాలాలు గడిచాయో. "బుడ్డలు విత్తినంక చేయిద్దాం" అన్నాడు. మా దగ్గర వేరుశనగను బుడ్డలంటాం. విత్తడానికి వాన రాలేదు. వానకోసం చూస్తూ కొన్ని నెలలు పోయాయి. వాన వచ్చింది, విత్తాం. "బుడ్డలు పెరికినంక" అన్నాడు. పెరికేసరికి ఎలక్షన్లు వచ్చాయి. "ఎలక్షన్లు అయినంక, నాది బాధ్యత" అన్నాడు. ఎలక్షన్లు అయ్యేసరికి మళ్ళీ విత్తే కాలం. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు బరువు ఎత్తకూడదంటే మూడు నెలలూ ఖాళీగా ఉండే కాలం మా ఇంట్లో ఏదీ? వెతికితే పంచాంగంలో ఒక్కటీ కనపడలేదు. నేనూ అరిచాను, అలిగాను, వంట మానేశాను. మానేస్తే అత్త వండింది. దాంతో నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఒక నవంబరులో బుడ్డలు కొట్టించి కళ్ళంలో మూటలు కట్టి పెట్టాం. కూలీలు దొరకలేదు, ఊళ్ళో సగం మంది బెంగళూరు వెళ్ళిపోయారు. ట్రాక్టరు వచ్చి నిలబడింది, ఆకాశంలో మబ్బు పట్టింది. ఏడాది పొడుగునా రాని వాన అప్పుడు వచ్చేలా ఉంది. డ్రైవరు ట్రాలీ మీద ఉండి అందుకుంటానన్నాడు. నా భర్త అనంతపురంలో ఏదో మీటింగుకు మనుషుల్ని తీసుకెళ్ళాడు. అత్తా నేనూ చెరో కొస పట్టి మూటలు ఎత్తసాగాం. మోకాళ్ళు మడిచే ఎత్తాను, ఊపిరి వదులుతూనే ఎత్తాను. కానీ బుడ్డల మూట కడవ కాదు. ట్రాలీ అంచు దాకా భుజం ఎత్తు లేపాలి. మధ్యలో అత్త చెయ్యి జారింది. బరువంతా నా మీదకు వచ్చింది.

లోపల ఏదో బిగుసుకుంది. అక్కడే కూర్చుండిపోయాను. ఉబ్బు ఎప్పటిలా మెత్తగా లేదు, రాయిలా ఉంది. అత్త నన్ను గోనెపట్టా మీద పడుకోబెట్టి రెండు అరచేతులతో మెల్లగా లోపలికి నెట్టింది. పోలేదు. ఇంకోసారి నెట్టింది. నేను అరిచాను. ఆపైన పచ్చగా వాంతి అయింది.

"అత్తా, ఇది గాలి కాదు. డాక్టరమ్మ చెప్పింది ఇదే. ఇప్పుడు పోకుంటే చచ్చిపోతా" అన్నాను.

అత్త లేచి ట్రాలీలో ఉన్న మూటల్ని తనే కిందికి దొర్లించింది. ఒకటి పగిలి బుడ్డలు కళ్ళమంతా చెల్లాచెదురయ్యాయి. వాన చినుకులు మొదలయ్యాయి. "ఏమప్పా చూస్తాండావు, కాళ్ళు పట్టుకో" అని డ్రైవరును కసిరి, ఇద్దరూ కలిసి నన్ను ట్రాలీలోకి ఎక్కించారు. కళ్యాణదుర్గం దాకా ఆమె ట్రాలీలో కాళ్ళు చాపి కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకుంది. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా రెండు చేతులతో నా పొట్టకు అడ్డం పెట్టేది. ఆ లేడీ డాక్టరు నన్ను చూడగానే జీపు మాట్లాడించి అనంతపురం పంపారు. అక్కడ పెద్ద ఆసుపత్రిలో సాయంత్రానికల్లా ఆపరేషన్ చేశారు. పేగు నల్లబడటం మొదలైంది కానీ చావలేదట. కోసెయ్యాల్సిన పని లేకుండా లోపలికి పంపి, వల పెట్టి కుట్టారు.

నా భర్త అదే ఊళ్ళో ఉన్నాడు. మీటింగు జనంలో ఉన్న మనిషికి కబురు అందించడం మా వాళ్ళ వల్ల కాలేదు. మర్నాడు పొద్దున మెడలో ఇంకా మీటింగు కండువాతోనే వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది, భయపడ్డాడని తెలుస్తూనే ఉంది. నా మంచం పక్కన నిలబడి ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"మా లీడరు సారు పేరు చెప్పినారా? నేను ఫోన్ చేయిస్తా, బాగా చూస్తారు."

కుట్లు లాగుతున్నా నవ్వాను. నవ్వి ఏడ్చాను. "ఆపరేషన్ అయిపోయింది. ఎవరికీ ఫోన్ చేయొద్దు. పోయి పిల్లోల్లను చూసుకో" అన్నాను. ఆయన పిల్లల దగ్గరికి వెళ్ళాడు.

ఆసుపత్రిలో అత్త నాతో ఉంది. నా పక్క మంచం మీద ధర్మవరం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. మగ్గం పని ఇంటివాళ్ళు. ఆమెకు గర్భసంచి కిందికి జారితే ఆపరేషన్ చేశారు. అత్త ఆమె దగ్గర కూర్చుని అవీ ఇవీ అడిగేది. ఎన్నాళ్ళ నుంచి ఉండాది, నడిస్తే ఎట్లుంటాది, కోస్తే నొప్పా, ఇంటికి పోయినంక మళ్ళీ జారదా. పరామర్శకు ఇన్ని ప్రశ్నలెందుకని నాకు అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం వార్డంతా నిద్రపోతున్నప్పుడు అత్త నా వైపు తిరగకుండా అంది, "నాకు గూడా ఉండాది."

"ఏముండాది?"

"ఆ ముసిలామెకు ఉండేది. నీ మొగుడు పుట్టిన ఏడాదే. బాలింతగా ఉన్నప్పుడు బాయిలో నీళ్ళు తోడితి. అప్పుడు జారింది. గుడ్డ కట్టుకుంటా, లోపలికి నెట్టుకుంటా. పని చేస్తాంటే మళ్ళా వస్తాది."

నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. ఒళ్ళంతా మండింది. ఇన్నేళ్ళూ ఈమె నాతో "మేమెత్తలేదా" అన్నది ఈ ఒంటితోనే.

"మరి నాకెందుకు చెప్పలేదు? మీ కొడుక్కన్నా చెప్పొచ్చు కదా. నాది గాలని కట్టు కడ్తివే!"

"ఏమని చెప్పాల కొడుక్కి? సిగ్గు లేదా? నీది గాలే అనుకుంటి. నాదీ అందరికీ ఉండేదే అనుకుంటి. మా అమ్మకు గూడా ఉండె."

"ఈ ఆసుపత్రిలోనే ఉండాము. ఇప్పుడే చూపించుకుందాం పా."

"ఎద్దులు ఎవరు చూస్తారు? నువ్వు మూడు నెలలు ఎత్తకూడదు. నేనూ పండుకుంటే ఇల్లు ఎట్ల నడుస్తాది?"

నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. కుట్ల దగ్గర నిప్పు పెట్టినట్టయింది, నర్సు పరుగెత్తుకొచ్చి అత్తనే తిట్టింది, పేషెంటును ఏడిపిస్తావా అని. అత్త ఆ తిట్లన్నీ తలొంచుకుని పడింది.

ఇంటికి వచ్చిన మర్నాడే ట్యాంకరు హారన్ మోగింది. నేను మంచం మీద నుంచి చూస్తుండగా అత్త కడవలు తీసుకుని బయల్దేరింది. కొంగు నడుముకు బిగించేటప్పుడు ఒక క్షణం ఆగి, గోడ వైపు తిరిగి ఏదో సర్దుకుంది. ఇంతకుముందు కూడా రోజూ అలాగే తిరిగేది, నేను ఎన్నడూ పట్టించుకోలేదు. నా భర్త అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఆ కడవలు నువ్వు తే" అన్నాను.

"నేనా? ట్యాంకరు కాడికా? ఆడోళ్ళ మధ్యలో?"

"అవును. మీ అమ్మకు కడుపులో జారింది, నిన్ను కన్నప్పటి నుంచి. నీకు చెప్పడానికి ఆమెకు సిగ్గు. నాకు లేదు. నాకు పొట్ట చీలింది. ఇంక ఈ ఇంట్లో బాగున్న ఒళ్ళు నీదొక్కటే."

ఆయన దువ్వెన కింద పెట్టాడు. తల్లి వెళ్ళిన దారి వైపు చూశాడు. బయటికి వెళ్ళి ఆమె చేతిలో కడవలు లాక్కున్నాడు. ఆమె ఇవ్వనని గుంజుకుంది. వీధిలో తల్లీకొడుకుల పెనుగులాట అందరూ చూశారు.

తర్వాత ఆయన పాలక్యాన్లలాంటివి రెండు సంపాదించి మోటారు సైకిలుకు రెండు పక్కలా కట్టాడు. మొదట్లో ట్యాంకరు దగ్గర జనం పలచబడ్డాక దొంగలా వెళ్ళొచ్చేవాడు. తెల్లచొక్కా విప్పి బనీనుతో వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు అలవాటు పడ్డాడు. ఆపైన పంచాయతీ ఎన్నికలప్పుడు రచ్చబండ దగ్గర ఆయన గొంతు నాకు ఇంట్లోకి వినపడింది. "ఆడోళ్ళ కష్టం నాకు తెలుసప్పా. మా ఇంట్లో నీళ్ళు నేనే తెస్తా. ఎవరినన్నా అడుగు" అంటున్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు చేతికందింది ఏదైనా విసరాలనిపించింది. కానీ విసిరితే నీళ్ళు మానేస్తాడేమో అని ఊరుకున్నాను.

నా కుట్లు మానాయి. మూడు నెలలు అన్నారు, నాలుగు నెలలు నేను ఏదీ ఎత్తలేదు, ఎవరేమన్నా ఎత్తలేదు. ఆ తర్వాత కూడా మోకాళ్ళు మడిచే ఎత్తాను, బరువైతే ఇంకొకరిని పిలిచాను. వల ఈనాటికీ నిలిచింది. చలికాలంలో కొంచెం లాగుతుంది, అంతే.

అత్తను మాత్రం ఒప్పించలేకపోయాను. ఆపరేషన్ అంటే "ఇంకెన్నాళ్ళు బతుకుతా, ఎందుకు" అనేది. ఏడాది పోరాడాక కళ్యాణదుర్గం డాక్టరమ్మ దగ్గరికి రావడానికి మాత్రం ఒప్పుకుంది. గర్భసంచి జారకుండా ఆమె లోపల రింగు పెట్టి, కొన్ని నెలలకోసారి వచ్చి మార్పించుకోవాలన్నారు. బరువు ఎత్తొద్దన్నారు. అత్త బుద్ధిగా తలూపింది. బస్సులో వస్తుంటే "హాయిగా ఉండాదమ్మే. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో వస్తాంటి" అని మెల్లగా నా చెవిలో చెప్పింది. చిన్నపిల్లలా నవ్వింది. నాకూ సంతోషమేసింది.

మర్నాడు తెల్లారి పెరట్లో ఏదో నేల మీద ఈడ్చిన చప్పుడైతే వెళ్ళి చూశాను. అత్త నిండు కుడితి తొట్టిని రెండు చేతులతో ఎత్తి బర్రె దగ్గరికి మోసుకెళ్తోంది.

"అత్తా! దించు! దించు దాన్ని!"

"ఎందుకరుస్తావే, ఇప్పుడు జారదు కదా, రింగు ఉండాది" అంది, తొట్టి దించకుండానే.

నేను వెళ్ళి ఇంకో కొస పట్టుకున్నాను. ఇద్దరం గట్టిగా అరుచుకుంటూనే దాన్ని బర్రె ముందు పెట్టాం. ఆమె చనిపోయేదాకా, అంటే ఇంకో ఆరేడేళ్ళు, ఆ రింగు మార్పించడానికి ప్రతిసారీ నేనే ఆమెను బస్సెక్కించాను. ప్రతిసారీ డాక్టరమ్మ బరువు ఎత్తొద్దన్నారు, అత్త తలూపింది, తిరిగొచ్చాక పెరట్లో మేమిద్దరం అరుచుకున్నాం. నా భర్త అరుగు మీద జనంతో మాట్లాడుతూ, "మా ఇంట్లో ఇంతేలేప్పా" అనేవాడు.